ప్రాణమును మచ్చిక చేయుట: ఉబ్బసము – ఉష్ణయోగము

మనుష్యుడు అన్నము లేక కొన్ని దినములు జీవింపగలడు. నీరు లేక ఒకటి రెండు దినములు ఓర్వగలడు. ఊపిరి లేక కొన్ని నిమిషములైనను నిలువజాలడు. ఐనను రేయింబవళ్ళు మనలను నిలుపుచున్న ఈ ఊపిరి మనకు జ్ఞప్తికే రాదు. సుఖముగ సాగుచున్నంతకాలము దాని ఉనికియే తెలియదు. దానిని ఎడతెగక గమనించువారు ఇద్దరు: యోగి ఒకడు, ఉబ్బసరోగి ఒకడు. యోగి కోరి గమనించును. రోగి గత్యంతరము లేక గమనించును. అర్ధరాత్రమున దిండ్లకు ఆనుకొని, కిటికీ తెరచుకొని, తెల్లవారుటకై ఎదురుచూచిన వానికి ఒక్క నిండు ఊపిరి ఎంతటి భాగ్యమో వేరొకరు చెప్పనక్కరలేదు.

అట్టివాడు ఉపశమనము దొరకునన్నచోటికెల్ల పోవుట సహజము. ఏటేట మృగశిర కార్తె ప్రవేశించునాడు హైదరాబాదులో చేపమందు కొఱకు బారులు తీరు వేలాది జనులను చూచినవారికి ఈ వ్యాధి పెట్టు బాధ కొంత అర్థమగును. ఇట్టి ఆశతోనే ఇటీవల కొందరు 'ఉష్ణయోగము' అను క్రొత్త పద్ధతిని ఆశ్రయించుచున్నారు. వేడిచేసిన గదిలో ఆసనములు వేసినచో చెమటతోపాటు కఫము కరిగి, ఉబ్బసము తగ్గునని వారు వినియున్నారు. ఇందు సత్యమెంత? శాస్త్రము చెప్పునదేమి? ఉబ్బసరోగి యోగమును ఏ విధముగ ఆశ్రయించిన మేలు పొందును? ఇది కేవలము కుతూహలముతో అడుగు ప్రశ్న కాదు. ఇందు పొరపడినచో ప్రాణమునకే హాని కలుగవచ్చును. కావున నెమ్మదిగ విచారింతము.

ఉష్ణయోగమనగా నేమి?

కలకత్తా నగరమున విష్ణుచరణ ఘోషు (1903–1970) అను ప్రసిద్ధ వ్యాయామాచార్యుడు ఉండెను. ఆయన పరమహంస యోగానందులకు తమ్ముడు. 1923లో ఆ నగరముననే ఒక వ్యాయామ విద్యాలయమును స్థాపించి, హఠయోగాసనములను దేహదార్ఢ్యమునకును ఆరోగ్యమునకును వినియోగించుట నేర్పెను. ఆయన శిష్యుడైన బిక్రం చౌదరి 1970 దశకమున అమెరికాకు పోయి, వేడిచేసిన గదిలో ఆసనములు నేర్పు పద్ధతిని అచ్చట వ్యాపింపజేసెను. ఈ పద్ధతిలో గది వేడిమి సుమారు 40 డిగ్రీల సెంటిగ్రేడు. గాలిలో తేమ 40 శాతము. అభ్యాసకాలము 90 నిమిషములు. 26 క్రియలను ఒకే వరుసలో చేయింతురు. వానిలో 24 ఆసనములు, 2 శ్వాసక్రియలు. మొదటిది నిలుచుండి చేయు దీర్ఘశ్వాస. చివరిది కపాలభాతి వంటి వేగశ్వాస. ఈ ఆసనక్రమము ఒకరి సొంత ఆస్తి కాజాలదని 2015లో అమెరికాదేశపు న్యాయస్థానమొకటి తీర్పు చెప్పెను. ఇతర శాలలలో ఇంతకంటె తక్కువ వేడిమితోను, వేరు ఆసనములతోను ఇట్టి తరగతులు నడచుచున్నవి. అన్నింటికిని కలిపి ఉష్ణయోగమని వాడుక ఏర్పడినది.

శీతలదేశములలో కండరములు బిగిసియుండును. వెచ్చని గదిలో అవి సడలి ఆసనములు సులభమగునన్నది ఈ పద్ధతి యొక్క ఆధారము. ఇందు కొంత యుక్తి లేకపోలేదు. కాని వైశాఖ జ్యేష్ఠములలో రెంటచింతలలోనో, రామగుండములోనో నివసించువారికి ప్రకృతియే అంతకుమించిన వేడిమిని ఉచితముగ ఇచ్చుచున్నది. ఆ దినములలో మనవారు వేకువనో, చల్లని సాయంకాలముననో సాధన చేయుట ఆచారము. శీతలదేశమున పుట్టిన ఉపాయమును దేశకాలములు గమనింపక అనుకరించుట వివేకము కాదు.

ఉబ్బసము యొక్క స్వరూపము

మన ఊపిరితిత్తులలో శ్వాసనాళము చెట్టు కొమ్మలవలె చీలి చీలి, కడకు మిక్కిలి సన్నని నాళములగును. ఉబ్బసరోగియందు ఈ నాళముల లోపొర ఎల్లప్పుడును కొంత వాచియుండును. ధూళి, పొగ, చల్లగాలి, జలుబు, పుప్పొడి, తీవ్రమైన మనఃక్షోభ వంటివి తగిలినపుడు మూడు మార్పులు కలుగును: నాళముల చుట్టునున్న కండరములు బిగియును, వాపు హెచ్చును, చిక్కని శ్లేష్మము మార్గమును అడ్డగించును. అపుడు గాలిని లోనికి తీసికొనుటకంటె వెలుపలికి విడుచుట ఎక్కువ కష్టమగును. లోపల నిలిచిపోయిన గాలితో రొమ్ము ఉబ్బును, పిల్లికూతలు వినబడును. ఊపిరి చాలదన్న భయముతో రోగి ఇంకను వేగముగ గాలిని లోనికి లాగును. లోనున్నది బయటకు పోకుండ క్రొత్తది చొరనేరదు. భయము ఊపిరిని తఱుమును. తఱుమబడిన ఊపిరి భయమును పెంచును.

ఈ వ్యాధిని మన ప్రాచీనులు చక్కగ ఎఱుగుదురు. చరకసంహిత చికిత్సాస్థానమున శ్వాసరోగములు ఐదు విధములుగ చెప్పబడినవి. అందు 'తమకశ్వాస' లక్షణములు నేటి ఉబ్బసముతో మిక్కిలి పోలియున్నవి. పరుండినచో బాధ హెచ్చుననియు, కూర్చుండినచో కొంత సుఖము కలుగుననియు, మబ్బు, వాన, చలి, తూర్పుగాలి దానిని ప్రకోపింపజేయుననియు చరకుడు గమనించెను. అంతకంటె ముఖ్యమైన మాట మరియొకటి చెప్పెను. ఈ రోగము 'యాప్యము', అనగా పథ్యౌషధములతో అదుపునందుంచుకొని జీవింపదగినది. మిక్కిలి క్రొత్తదైనచో సాధ్యము కావచ్చును. నేటి వైద్యులు చెప్పునదియు ఇదియే. చాలమందియందు ఉబ్బసమును నిర్మూలించు మందు లేదు. చక్కగ అదుపుచేయు మందులు కలవు. 'సమూలముగ పోగొట్టెదను' అని ఎవరైనను వాగ్దానము చేసినచో సాధకుడు జాగరూకుడై యుండవలెను.

వేడిమి చేయు మేలును కీడును

శ్వాసరోగమునకు వేడిమిని ఉపయోగించుట మనకు క్రొత్త కాదు. హిక్కాశ్వాసపీడితునకు రొమ్మున సైంధవలవణము కలిపిన తైలమును పూసి, స్వేదకర్మ చేయవలెనని చరకుడే చెప్పెను. గట్టిపడిన కఫము కరిగి, మార్గములు మృదువగునని ఆయన ఉద్దేశము. కాని ఆ వెంటనే, ఎవరికి స్వేదము తగదో కూడ వివరించెను: పిత్తాధిక్యము, దాహము కలవారు, అతిగ చెమటపట్టువారు, బలము క్షీణించినవారు, గర్భిణీ స్త్రీలు. అనగా వైద్యుడు రోగిని చూచి, తగినవానికి, తగినంత కాలము, దేహమునకు తగినంత మేర ఇచ్చినది ఔషధమైనది. ఒకే గదిలో, ఒకే వేడిమిలో, అందరిచేతను 90 నిమిషములు శ్రమ చేయించుట దానితో సమానము కాదు.

ఆధునిక పరిశోధనయు ఈ వివేకమునే బలపరచుచున్నది. చల్లని పొడిగాలిలో శ్రమించునపుడు ఉబ్బసరోగి నాళములు బిగియుట సర్వసాధారణము. గోరువెచ్చని, తేమగల గాలిలో చేయు వ్యాయామము, అందులోను ఈత, చాలమందికి సులభముగ సరిపడును. దీనినిబట్టి 'వెచ్చదనము మంచిది. అట్లయిన మిక్కిలి వేడి ఇంకను మంచిది' అని తలచుట సహజము. కాని 2012లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరీక్షలో, కొద్దిపాటి ఉబ్బసము గలవారిచేత 49 డిగ్రీల వేడియు, మిక్కిలి తేమయు గల గాలిని నాలుగు నిమిషములు మాత్రము పీల్చించిరి. వారి శ్వాసమార్గములలోని అవరోధము రెట్టింపునకు మించెను, దగ్గు పుట్టెను. ఆరోగ్యవంతులయందు అట్టి మార్పు కలుగలేదు. వేడిగాలి తగిలినంతనే నాళములలోని సూక్ష్మమైన నాడీతంతువులు మేల్కొని, వేగస్ నాడి ద్వారా కండరములను బిగించుటయే కారణమని తేలెను. ఆ నాడి యొక్క ప్రభావమును అడ్డగించు మందును ముందుగ ఇచ్చినపుడు ఆ బిగువు కలుగకుండెను.

ఉష్ణయోగశాలలోని వేడిమి ఆ పరీక్షలోని దానికంటె తక్కువదే. ఐనను శ్రమతో కూడినది, నాలుగు నిమిషములతో ముగియనిది. అందుచేత ఒకనికి హాయినిచ్చిన గదియే మరియొకనికి ఆయాసము తెప్పింపవచ్చును. చెమట రూపమున నీరును లవణమును కోల్పోవుటవలన కలుగు తలతిరుగుడు, సొమ్మసిల్లుట, వడదెబ్బ అనునవి అందరికిని పొంచియున్న ప్రమాదములే. హృద్రోగము, రక్తపుపోటు కలవారును, గర్భిణీ స్త్రీలును వైద్యుని అనుమతి లేనిదే ఇట్టి గదిలో అడుగిడరాదు. కిక్కిరిసిన గదిలోని చెమటవాసన, తివాచీల బూజు, గాలి కొఱకు చల్లు సుగంధద్రవ్యములు కూడ ఉబ్బసమును ప్రకోపింపజేయగలవు. వేడిగదినుండి వెలుపలికి వచ్చి వెంటనే చల్లగాలి యంత్రము ముందు నిలుచుట మరియొక పొరపాటు.

హఠయోగ గ్రంథము చేయు హెచ్చరిక

ఇక యోగశాస్త్రమేమి చెప్పుచున్నదో చూతము. స్వాత్మారామ యోగి రచించిన హఠయోగప్రదీపిక మొదటి ఉపదేశములో సాధన ఆరంభించువాడు అగ్నిసేవనమును, అనగా నిప్పు చెంత వేడి కాచుకొనుటను, విడువవలెనని కలదు. రెండవ ఉపదేశమున చెమట ప్రస్తావన వచ్చును. ప్రాణాయామమునందు చెమట పుట్టుట కనిష్ఠదశ. అంతకు పైన రెండు దశలు కలవు. బయటి వేడిమిచే కారించిన చెమటను సాధనాఫలమని భ్రమించువారికి ఈ మాట గొప్ప ఉపదేశము. శ్రమచే లోపలినుండి పుట్టిన చెమటయే మొదటి మెట్టు మాత్రమైనపుడు, గోడకు తగిలించిన యంత్రము పుట్టించిన చెమటను సాధనకు కొలతగ నెట్లు తీసికొందుము?

అదే ఉపదేశములో ఉబ్బసరోగులు హృదయమున నిలుపుకొనవలసిన హెచ్చరిక మరియొకటి ఉన్నది. సింహమును, ఏనుగును, పులిని ఎట్లు మెల్లమెల్లగ మచ్చిక చేయుదురో, ప్రాణవాయువును అట్లే వశపరచుకొనవలెనట. తొందరపడి బలవంతము చేసినచో అది సాధకునే హతమార్చునట. సరియైన ప్రాణాయామముచే రోగములు నశించును. తప్పుగ చేసిన ప్రాణాయామముచే రోగములు పుట్టును. అట్లు పుట్టు రోగములను పేర్కొనుచు ఆ గ్రంథకర్త ఎక్కిళ్ళను, శ్వాసరోగమును, దగ్గును ముందుగ చెప్పెను! ఉబ్బసమునకు మందుగ మనము చెప్పుకొనుచున్న ప్రాణాయామమే, అపక్రమమున చేసినచో ఉబ్బసమునకు కారణము కాగలదని ఆ శాస్త్రమే హెచ్చరించుచున్నది. పతంజలి మహర్షియు ఆసనమునకు స్థైర్యమును సుఖమును లక్షణములుగ చెప్పెనే కాని వేడిమిని, వేగమును, సహింపరాని శ్రమను చెప్పలేదు.

పరీక్షలలో తేలిన విషయము

యోగము ఉబ్బసమునకు తోడ్పడుననుటకు ఆధారములు లేకపోలేదు. 1985లో డాక్టరు ఆర్. నాగరత్న, డాక్టరు హెచ్. ఆర్. నాగేంద్ర బ్రిటిష్ మెడికల్ జర్నలులో ఒక పరిశోధనను ప్రకటించిరి. 53 మంది ఉబ్బసరోగులకు రెండు వారములు శిక్షణ ఇచ్చి, దినమునకు 65 నిమిషములు అభ్యసింపుమనిరి. శ్వాసాభ్యాసములు, సూర్యనమస్కారములు, ఆసనములు, ప్రాణాయామము, ధ్యానము, భజన ఆ అభ్యాసమునందలి అంగములు. వయస్సునందును వ్యాధితీవ్రతయందును వారిని పోలిన మరి 53 మంది మామూలు మందులనే వాడుచుండిరి. యోగము చేసినవారికి వారమునకు వచ్చు ఆయాసపు దాడులు తగ్గెను. మందుల అవసరము తగ్గెను. ఊపిరిని బయటకు ఊదు వేగము హెచ్చెను.

1990లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ నగరపు వైద్యులు లాన్సెట్ పత్రికలో మరియొక పరీక్షను ప్రకటించిరి. ఉచ్ఛ్వాసమునకు ఒక వంతు, నిశ్వాసమునకు రెండు వంతుల కాలము పట్టునట్లు చేయు చిన్న పరికరముతో 18 మంది ఉబ్బసరోగులచే అభ్యాసము చేయించి, అట్టి అమరిక లేని బూటకపు పరికరముతో పోల్చి చూచిరి. నిదానమైన శ్వాసను అభ్యసించిన కాలమున వారి నాళములు ప్రేరకద్రవ్యమునకు అంత సులభముగ బిగియకుండెను. ఇక్కడ మందుగ పనిచేసినది నెమ్మదిగ, దీర్ఘముగ విడిచిన ఊపిరియే. గాలిని విడుచుటయే కష్టమైన రోగమున నిశ్వాసమును దీర్ఘము చేయుట ఎంత యుక్తమో పైన చెప్పిన వ్యాధిస్వరూపమునుబట్టి పాఠకులు గ్రహింపగలరు.

మరియొక ప్రక్కను కూడ దాచరాదు. అమెరికాలో 2005లో ప్రకటింపబడిన పరీక్షలో అయ్యంగారు పద్ధతి ఆసనములు చేసినవారికిని, సాధారణముగ ఒళ్ళు సాగదీయు వ్యాయామము చేసినవారికిని చెప్పుకోదగిన భేదము కనబడలేదు. 2016లో కాక్రేన్ సంస్థవారు 1,048 మంది పాల్గొన్న 15 పరీక్షలను కూర్చి పరిశీలించి, యోగమువలన రోగలక్షణములయందును జీవనసౌఖ్యమునందును కొద్దిపాటి మేలు కలుగవచ్చునని తేల్చిరి. మేలు కొద్దిదే, కాని నిజమైనది కావచ్చును. ఆ మేలును చూపిన పై రెండు పరీక్షలలోను గదిని వేడిచేయుట అను అంగము లేదు. కావున ఉబ్బసరోగి కోరవలసినది నెమ్మదిగ నేర్చిన యోగము. వేడిమి అందు ముఖ్యాంగము కాదు.

సాధనాక్రమము

వ్యాధి అదుపునందున్న దినములలో మాత్రమే క్రొత్త అభ్యాసమును ఆరంభింపవలెను. ముందుగ వైద్యునికి తెలుపవలెను. యోగ్యుడైన ఆచార్యుని చెంత నేర్చుకొనవలెను. కాలము ప్రాతఃకాలము, ఉదరము తేలికగ నుండవలెను. గాలి వచ్చు శుభ్రమైన గది చాలును. పూజామందిరముననే సాధన చేయువారు ఒక విషయము గమనింపవలెను. అగరువత్తుల పొగ, సాంబ్రాణి ధూపము, కర్పూరపు పొగ ఉబ్బసరోగికి పరమశత్రువులు. భగవంతునికి పుష్పము, జలము, దీపము చాలును. ధూపము లేనంతమాత్రమున ఆయన అనుగ్రహమునకు లోపముండదు.

మొదట ఆసనములు: తాడాసనము, నిలుచుండి ప్రక్కలకు వంగు అర్ధకటిచక్రాసనము, భుజంగాసనము. ఇవి రొమ్మును భుజములను సడలించును. ఒక్కొక్క ఆసనమునకు నడుమ విశ్రాంతి ఉండవలెను. ముక్కుతో శ్వాసించుచు మాటలాడగలిగినంత శ్రమయే చేయవలెను. కడపట శవాసనము. పరుండినచో ఆయాసము కలుగువారు తలక్రిందను వీపుక్రిందను దిండ్లు పెట్టుకొని వాలవచ్చును, లేదా కుర్చీలోనే కూర్చుండి విశ్రమింపవచ్చును. కూర్చుండుటయందు సుఖమున్నదని చరకుడు చెప్పిన మాట ఇక్కడ స్మరింపదగినది.

తరువాత శ్వాస. వెన్ను నిటారుగ నుంచి సుఖముగ కూర్చుండవలెను. ఒక చేయి ఉదరముపై నుంచవలెను. రెండు లెక్కించునంత సేపు ముక్కుతో గాలిని తీసికొని, నాలుగు లెక్కించునంత సేపు మెల్లగ విడువవలెను. ఊపిరిని లోపల బిగబట్టరాదు. కుంభకము ఈ రోగులకు ఆరంభదశలో వర్జ్యము. మొదటి వారము ఐదు నిమిషములు చాలును. సుఖముగ నున్నచో క్రమముగ పదిహేను నిమిషముల వరకు పెంచవచ్చును. తుమ్మెద ఝంకారమువలె నాదము చేయు భ్రామరి, దీర్ఘముగ పలుకు ప్రణవము, నామసంకీర్తనము నిశ్వాసమును తమంతట తామే దీర్ఘము చేయును. భజన చేయునపుడు మనస్సు తేలికపడుటయందు ఊపిరి కూడ పాలు పంచుకొనుచున్నది. భస్త్రిక, కపాలభాతి వంటి వేగక్రియలను రొమ్మున పిల్లికూతలున్నపుడు చేయనే రాదు. ఇతర సమయములలోను గురువు, వైద్యుడు ఇరువురు సమ్మతించిన పిమ్మటనే చేయవలెను.

పీక్ ఫ్లో మీటరను చిన్న పరికరముతో ఉదయసాయంకాలములు ఊదు వేగమును కొలిచి పుస్తకమున వ్రాసికొనుట మంచి నియమము. యోగము మేలు చేయుచున్నదో లేదో మన ఊహకంటె ఆ అంకెలు నిజముగ చెప్పును. ఆత్మవంచన లేని ఈ పరిశీలన కూడ సత్యసాధనలోనిదే.

మందు మానవచ్చునా?

యోగము ఆరంభించి, నాలుగు దినములు హాయిగ నుండినంతనే పీల్చు మందును ప్రక్కన పడవేయువారు కొందరు కలరు. ఇది మిక్కిలి ప్రమాదకరము. నాళములలోని వాపు పైకి తెలియకయే ఉండును. దానిని అణచునది వైద్యుడు ఇచ్చు నిరోధకౌషధము, అనగా ఇన్‌హేలరు ద్వారా పీల్చు స్వల్పమోతాదు స్టెరాయిడు. ఆయాసము వచ్చినపుడు తాత్కాలిక ఉపశమనమునిచ్చు మందొకదానిపైననే ఆధారపడరాదని 2019 నుండి ఉబ్బస చికిత్సకు ప్రపంచ ప్రసిద్ధమైన 'గినా' మార్గదర్శకములు స్పష్టముగ చెప్పుచున్నవి. స్టెరాయిడను పేరు విని భయపడనక్కరలేదు. పీల్చునపుడు దేహమునకు చేరు మోతాదు మైక్రోగ్రాములలో నుండును. పీల్చిన పిమ్మట నోరు పుక్కిలించిన చాలును. మందు తగ్గింపవలసినచో వైద్యుడే మెట్లు మెట్లుగ తగ్గించును.

ఆయాసపు దాడి వచ్చినపుడు అది సాధనాసమయము కాదు. నిటారుగ కూర్చుండి, కొంచెము ముందునకు వంగి, వైద్యుడు చెప్పినట్లు ఉపశమన ఔషధమును పీల్చవలెను. ఒక వాక్యమునైనను పూర్తిగ పలుకలేకపోయినను, పెదవులు గోళ్ళు నీలివర్ణము దాల్చినను, మందు పీల్చినను ఊరట కలుగకున్నను, క్షణమైనను జాగు చేయక ఆసుపత్రికి పోవలెను. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములలో 108కి ఫోను చేసినచో అంబులెన్సు వచ్చును.

కొన్ని సందేహములు

సందేహము: ఉష్ణయోగ తరగతిలో ఇదివరకే చేరితిని. నాకు హాయిగనే ఉన్నది. మానవలెనా?

సమాధానము: వ్యాధి అదుపునందుండి, వైద్యుడు సమ్మతించి, మీకు నిజముగ సరిపడుచున్నచో మానితీరవలెనని ఎవరును శాసింపరు. ఉపశమన ఔషధమును గదిలోనికి వెంట తీసికొని పొండు. వేడిమి తక్కువగ నున్న తరగతిని, తలుపునకు దగ్గరి చోటును ఎంచుకొనుడు. దగ్గు, రొమ్ము బిగువు, తలతిరుగుడు ఏది తోచినను వెంటనే వెలుపలికి రండు. నలుగురిలో నడుమ లేచిపోవుట అవమానమని తలపకుడు. తన దేహపు హద్దును ఎఱిగి ఆగగలుగుట కూడ యోగములో భాగమే.

సందేహము: మందు పీల్చువానికి ప్రాణాయామము ఫలించునా? మందుపై ఆధారపడుట సాధకునకు లోపము కాదా?

సమాధానము: స్వామి వివేకానందులు (1863–1902) 1896లో రాజయోగమును ప్రకటించి, ప్రాణతత్త్వమును పాశ్చాత్యలోకమునకు విశదపరచిన మహాత్ములు. వారు తుదిసంవత్సరములలో ఉబ్బసముచే మిక్కిలి బాధపడిరి. 1901లో తూర్పు బెంగాలు, అస్సాము పర్యటన చేయుచు షిల్లాంగు చేరినపుడు ఆ వ్యాధి ఉద్ధృతమాయెను. అస్సాము చీఫ్ కమిషనరుగ నున్న సర్ హెన్రీ కాటన్ ప్రభుత్వ వైద్యుని పంపి వారికి చికిత్స జరిపించెను. స్వామీజీ ఆ వైద్యమును స్వీకరించిరి. 'యోగినైన నాకు మందెందుకు' అని వారు త్రోసిపుచ్చలేదు. దేహధర్మమును దేహమునకు విడిచి, తాము చేయవలసిన లోకసేవను ఆ ఆయాసము నడుమనే సాగించిరి. అంతటివారికి లేని అభిమానము మనకెందుకు? మందును తిరస్కరించుటయందు కనబడునది వైరాగ్యము కాదు. అది పలుమార్లు సూక్ష్మమైన అహంకారమే.

సందేహము: ఊపిరియే నిలకడగ లేని నేను ధ్యానమునకు అర్హుడనగుదునా?

సమాధానము: తప్పక అగుదురు. ధ్యానమునకు బలమైన ఊపిరితిత్తులు నియమము కావు. ఊపిరిని లెక్కించిన భయము కలుగువారు, దానిని విడిచి ఇష్టనామమును ఆశ్రయింపవచ్చును. నిద్రపట్టని రాత్రులందు, మందు పీల్చి కూర్చుండియున్న ఆ కొన్ని ఘడియలలో, నామస్మరణ ఎంత తోడగునో అనుభవించినవారే ఎఱుగుదురు. 'ఈ క్షణమున చచ్చిపోవుదునేమో' అను భయము సడలినపుడు ఊపిరి కూడ కొంత సడలును.

ఉపసంహారము

శ్వాస మనము ఆర్జించిన సొత్తు కాదు. తల్లిగర్భమునుండి వెలుపడిన క్షణమున ఎవరో ఇచ్చిరి, మనము పుచ్చుకొంటిమి. అట్టిదానిని వేడిమితో, వేగముతో, బలవంతముతో జయింపజూచుట సింహపుబోనున కొరడాతో దూకుట వంటిది. ప్రతిదినమును ఒకే వేళకు, ప్రేమతో, ఓర్పుతో దాని చెంత కూర్చున్నవానికి అది క్రమముగ మచ్చికయగును. వైద్యుని ఔషధము ఒక చేత, నియతమైన సాధన ఒక చేత, భగవన్నామము నాలుకయందు ఉంచుకొన్న ఉబ్బసరోగి నిరాశపడవలసిన పని లేదు. వ్యాధి పూర్తిగ తొలగకపోవచ్చును. దాని పెత్తనము తగ్గును. రేపు ఉదయమున ఐదు నిమిషములు కూర్చుండి, రెండు లెక్కించి తీసికొని, నాలుగు లెక్కించి విడుచుటతో ఆరంభింపుడు. ఆ విడుచు ఊపిరితోపాటు భయమును కూడ ఈశ్వరుని పాదములచెంత విడువుడు.